మా చెరువు ఎప్పుడో హైబ్రిడ్డు

కారు కొనడమంటే ఇంటివాళ్లు కూర్చుని తేల్చుకునే వ్యవహారమని గోదావరి డెల్టాలో పుట్టనివాళ్లు అనుకుంటారు. పాలకొల్లు, భీమవరం చుట్టుపక్కల అది రొయ్య ఒప్పుకుంటే జరిగే పని. చెరువులో రొయ్య పట్టుబడి బాగుంటే పెద్ద కారు, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయన్న లెక్క) రాకపోతే పాత కారుకే కొత్త సీటు కవర్లు. 2025 ఆగస్టులో అమెరికావాడు రొయ్యతో సహా మన సరుకు మీద సుంకం 50 శాతానికి ఎక్కించేసరికి మా ఇంట్లో ఏడు సీట్ల ఆలోచన రాత్రికి రాత్రి ఐదు సీట్లకు దిగిపోయింది. మరుసటి నెల 22న చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గడంతో చావబోయిన ఆశ కొంచెం కదిలింది. ఎలక్ట్రిక్ కార్లకైతే ముందునుంచీ 5 శాతమే.

దాంతో దసరా ముందు ఆదివారం సాయంత్రం మా అరుగు మీద సభ. అధ్యక్షులు నాన్నగారు. ఎలక్ట్రిక్ పక్షాన బావగారు, పెట్రోలు పక్షాన మేనమామ. డబ్బు కట్టేది నేను కాబట్టి నాకు ఓటు లేదు.

బావగారు కాగితం మీద లెక్క రాసుకొచ్చారు. "వంద కిలోమీటర్లకి పదిహేను యూనిట్లండి. నెలకి వెయ్యి తిరిగితే నూట యాభై. ఇంటి మీటరు నాలుగొందలు దాటి యూనిట్ తొమ్మిది డెబ్బై ఐదు పడినా పదిహేనొందలు అవ్వదు. అదే పెట్రోలు, లీటరుకి పద్దెనిమిది ఇచ్చినా, ఆరు వేలండి బాబూ!"

లెక్క తప్పు పట్టడానికి లేదు. అందుకే మేనమామ దాన్ని ఇంకా బాగు చేశారు. "ఇంటి మీటరు ఎందుకండీ? ఆక్వా సర్వీసు, అదే రొయ్యల చెరువు కరెంటు కనెక్షన్ మీద యూనిట్ రూపాయిన్నరే కదా. బండి చెరువు గట్టున ఛార్జింగ్ పెట్టుకుంటే నెలకి రెండొందల పాతిక!"

అరుగు మీద కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ప్రలోభం అలాంటిది. కానీ ఆ రాయితీ రొయ్యకిచ్చింది, రొయ్యను పెంచేవాడి షికార్లకు కాదు. పైగా మా లైన్‌మ్యాన్ ఇన్నేళ్లలో నాలుగు చక్రాల రొయ్యను చూసి ఉండడు.

వరద మాటా వచ్చింది. బ్యాటరీకి ఐపీ 67 రక్షణ ఉంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి నీరు పోదట. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన గోదారి అరగంటలో వెనక్కెళ్లిన గుర్తు ఇక్కడ ఎవరికీ లేదు. అయితే ఆ నీళ్లలో పెట్రోలు బండి మాత్రం ఈదుతుందా అని బావగారు అడిగితే, అవతలి పక్షం కాఫీలు అడిగింది.

మేనమామది స్వదేశీ వాదం. బంకులో ఇప్పుడు కొట్టే పెట్రోలులో 20 శాతం ఇథనాల్. అది చెరకు నుంచీ, మొక్కజొన్న నుంచీ, నూకల నుంచీ తీస్తారు. "అంటే ఐదు లీటర్లు కొట్టిస్తే ఓ లీటరు మన చేలో పంటేనండి!" ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ గనక మైలేజీ కొంత పడుతుందని నేను గొణిగాను, ఓటు లేనివాడి గొణుగుడు మినిట్స్‌లోకి ఎక్కలేదు. నాన్నగారు మాత్రం వేరే చోట ఆగిపోయారు. "దాళ్వా పంట బియ్యం నూకలు కారు తాగితే, మీ అమ్మ ఉప్మా దేంతో చేస్తుందిరా?"

అప్పుడు హైదరాబాద్ నుంచి వచ్చిన చెల్లి ప్లగిన్ హైబ్రిడ్ పేరెత్తింది. రాత్రి గోడకు తగిలిస్తే తెల్లారి యాభై, అరవై కిలోమీటర్లు కరెంటు మీద పోతుంది, ఆ తర్వాత పెట్రోలు అందుకుంటుంది. మా రోజువారీ తిరుగుడు నరసాపురం, పాలకొల్లు, భీమవరం దాటదు. పండక్కి మాత్రం హైదరాబాద్, 400 కిలోమీటర్ల పైమాటే. ఆ బండి మా ఊరి కొలతలు తీసుకుని కుట్టినట్టుంది. కాకపోతే మన షోరూముల్లో హైబ్రిడ్ అని అమ్మేవాటిలో చాలావాటికి ప్లగ్గే ఉండదు. ప్లగ్ ఉన్నవాటి ధర చెబితే చెరువు గట్టుతో సహా అమ్మాలి.

"రెండు ఇంజిన్లు మోసుకు తిరగడం ఎందుకమ్మా, దండగ!" అన్నారు మేనమామ. ఆ మాట అనడానికి ఆయనకు అర్హత లేదు. ఆయన చెరువు మీద ఏరియేటర్లు, అంటే నీళ్లలోకి గాలి కొట్టే యంత్రాలు, కరెంటుతో తిరుగుతాయి, కరెంటు పోతే పక్కనే డీజిల్ జనరేటర్. పాతికేళ్లుగా ప్లగిన్ హైబ్రిడ్ నడుపుతూ, అది కొత్తగా వచ్చిన వింత అనుకునే మనిషి ఆయన. రొయ్యకు ఒక్క గంట కూడా ఒకే ఇంధనాన్ని నమ్మనివాళ్లం, పెళ్లాం పిల్లలకొచ్చేసరికి ఎలక్ట్రిక్కా, పెట్రోలా అని కొట్టుకుంటున్నాం.

రాత్రి పదయింది. నాన్నగారు తీర్పు చెప్పడానికి గొంతు సవరించుకున్నారు.

కరెంటు పోయింది.

అరుగు ఖాళీ. చీకట్లో ఏరియేటర్లు ఆగితే డీఓ, అదే నీటిలో కరిగిన ఆక్సిజన్, పడిపోతుంది, తెల్లారేసరికి రొయ్య పైకి తేలుతుంది. మేనమామ టార్చిలైటుతో గట్టు మీదకు పరిగెత్తారు. జనరేటర్ రెండుసార్లు దగ్గి ఆగింది, ట్యాంకులో అడుగంటింది. చెల్లి ఫోన్ వెలుగులో నేను క్యాన్లు వెతికాను. ఎలక్ట్రిక్ పక్షం నాయకులు మా బావగారు లుంగీ ఎగ్గట్టి, కాళ్ల మధ్య రెండు ఖాళీ క్యాన్లు పెట్టుకుని, టీవీఎస్ ఎక్సెల్ మీద డీజిల్ కోసం బంకు వైపు దూసుకుపోయారు.