సెంటర్లో పరుచుకున్న నల్లరాయి గారికి

మహారాజశ్రీ బ్లాక్ గెలాక్సీ గ్రానైటు గారికి, బెజవాడ ఆటోనగర్ నుంచి నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఇక్కడ అందరం క్షేమం, నిన్నటి వానలో జారిపడ్డవాళ్లు తప్ప. పట్టుమని అరగంట కురిసిందంతే.

చీమకుర్తి నుంచి బంగారు చుక్కలతో, అద్దంలాంటి పాలిష్‌తో మా సెంటర్లో పరుచుకోను దయచేశారు. వంటగట్టు మీద మీకు తిరుగులేదు, పసుపు మరక కూడా తుడిస్తే పోతుంది. కానీ తరతరాలుగా లారీ బాడీలు కట్టే ఈ పేటలో చెప్పుకి గ్రీజు అంటని మనిషి దొరకడండీ. పాలిష్ రాయి, పైన డీజిల్ చుక్క, ఆపైన నీటి పొర. ఇక కాలికి పట్టెక్కడిది? బయట పరిచే రాయికి మంట తగిలించి పైపొర రాలగొడతారు, లేదా బుష్ హ్యామర్ అనే పళ్ల సుత్తితో గరుకు చేస్తారు. రాయి అదే, మెరుపే తగ్గుతుంది. ప్రారంభోత్సవం ఫొటోలో మెరవదని కాబోలు, మీకు అది చేయించలేదు.

నీటి వాటం సంగతి చెప్పనక్కర్లేదు. మీటరుకి 10 నుంచి 15 మిల్లీమీటర్లు పల్లం ఇవ్వాలి. మిమ్మల్ని క్యారమ్స్ బల్లలా పరిచారు. కాలువ జాలీ మీకంటే అర అంగుళం ఎత్తు! నీళ్లు మెట్టెక్కాలి కాబోలు.

మీ మందం 18 మిల్లీమీటర్లు. కింద సిమెంటు మాలు అక్కడక్కడా ముద్దలుగా వేశారు, వేలితో కొడితే గుల్ల శబ్దం. ఆటోనగర్‌లోకి లారీ రాదనుకున్నారా? జాకీ పెట్టగానే పలక రెండు ముక్కలైంది. భారీ బండ్లు తిరిగేచోట ఇంటర్‌లాకింగ్ దిమ్మ అయినా 100 మిల్లీమీటర్లుండాలంటుంది ఆ దిమ్మలకున్న భారత ప్రమాణం, ఐఎస్ 15658. ఆ దిమ్మ పాడైతే ఒక్కదాన్నే పీకి, ఇసుక సర్ది, మళ్లీ దింపొచ్చు. మిమ్మల్ని పీకబోతే పక్కవారూ పగులుతారు.

‘ఐ లవ్ విజయవాడ’ అక్షరాలకీ, నీడలేని రాయల్ పామ్‌లకీ, కాలే స్టీలు బెంచీలకీ విడిగా రాస్తాను. నాలుగు కానుగ మొక్కలకి నాలుగేసి అడుగుల గుంతలు వదిలినా సరిపోయేది.

మీకేం, నల్లగా మే ఎండంతా తాగి, చీకటిపడ్డాక కూడా సెగలు కక్కుతారు. షెడ్డు మూసినవాడు కాసేపు కూలబడే చోటు ఇదొక్కటే కదరా! అదీ లాక్కున్నావు.

పొద్దున బాడీ షెడ్డువాళ్లు రెండు బస్తాల రంపపు పొట్టు తెచ్చి నీ మీద చల్లారు. బంగారు చుక్కలు కనబడటం లేదు. జనం నడుస్తున్నారు.