పొద్దున తొమ్మిదికి, చిమ్మచీకట్లో

నిన్న సాయంత్రం మా హాల్లో టీవీ ముందు ఆరుగురం కూర్చున్నాం. ఏడో ఆయన మా తోడల్లుడు. ఫ్లోరిడా నుంచి వీడియో కాల్‌లో, టీపాయ్ మీద నీళ్ళ సీసాకు ఆనుకుని ఉన్నారు. అందరినీ పోగుచేసింది నేనే. కంప్యూటర్ గేమ్ అంటే ఎవరూ రారని, ‘స్పేస్ షటిల్ దించుతున్నాను, పట్టపగలు, సముద్రం కూడా కనిపిస్తుంది’ అని ఊరించాను.

పగలే ఎందుకంటే, గాలిలోకి దిగాక షటిల్‌కి ఇంజన్ల సాయం ఉండదు. రన్‌వే తప్పితే ఇంకో రౌండు కొట్టి రావడం కుదరదు. పోనీ తెల్లారేదాకా పైనే తిరుగుదామంటే, ఒక చుట్టుకి గంటన్నర. ఆలోగా కింద భూమి తిరిగిపోయి, మన దారి రెండు వేల కిలోమీటర్లకు పైగా పడమరకు జరుగుతుంది. ఏ చుట్టులో దిగాలో ముందే చూసుకోవాలి. దించేది ఫ్లోరిడాలోనే కాబట్టి తోడల్లుణ్ణి అడిగితే, “పొద్దున తొమ్మిదికి దించెయ్ తమ్ముడూ, ఎండ బ్రహ్మాండంగా ఉంటుంది” అన్నారు. సరిగ్గా తొమ్మిదికి దిగే చుట్టు వెతికి పట్టుకున్నాను. గేమ్‌లో గడియారం చూపించేది గ్రీన్‌విచ్ టైమట, అందులో తొమ్మిదంటే మనకి మధ్యాహ్నం రెండున్నరట. పక్కన చీమ తలకాయంత అక్షరాల్లో రాసే ఉందట. ఏ గడియారంలో తొమ్మిదో ఒక్క ముక్క చెబితే ఆయన సొమ్మేం పోయింది? అసలు ఏడాదికి రెండుసార్లు గడియారాలు అటూ ఇటూ తిప్పుకునేవాళ్ళని టైం అడగడం నాదే తప్పు.

దిగడానికి గంట ముందు, హిందూ మహాసముద్రం మీద, షటిల్‌ని వెనక్కి తిప్పి ఇంజన్ వెలిగించాను. గంటకి 28 వేల కిలోమీటర్ల వేగంలో ఓ మూడొందలు తగ్గితే చాలు, మిగతాది గాలి చూసుకుంటుంది. కింద సముద్రం తళతళలాడుతోంది. మబ్బులు పత్తి ఆరబోసినట్టున్నాయి. “చూశారా ఎండ!” అన్నాను.

అత్తయ్య చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, “ఇది మన పక్క సముద్రమేనా?” అని అడిగారు. అవునన్నాను. “ఓహో” అన్నారు. ఆ ఓహో దగ్గర నేను ఆగి ఉండాల్సింది.

పసిఫిక్ సగం దాటకముందే టీవీ నల్లబడింది. అంతరిక్షం నల్లగా కాక పచ్చగా ఉంటుందా అనుకున్నాను. గాలిలోకి దూసుకెళ్ళేటప్పుడు లేచే మంటలు కూడా ఆ నలుపులో భలే కనిపించాయి. మంటలు ఆరిపోయాక చూస్తే, తెరమీద ఉన్నది మా హాలు. ట్యూబ్‌లైటు, తిరుగుతున్న ఫ్యాను, వరసగా ఆరు మొహాలు. మా మేనల్లుడు అందులో చూసుకుంటూ జుట్టు సర్దుకున్నాడు. మామయ్య రిమోట్ అందుకుని బ్రైట్‌నెస్ పెంచుకుంటూ పోయారు. నలుపు కాస్తా బూడిదరంగైంది. “కేబుల్ అతనికి ఫోన్ చెయ్యనా?” అన్నారు. ఆ బూడిదలో ఎక్కడో కెన్నెడీ స్పేస్ సెంటర్ రన్‌వే, నాలుగున్నర కిలోమీటర్ల పొడుగున పడి ఉంది. దాని చుట్టూ మొసళ్ళు తిరిగే చిత్తడి నేల. పగలే కదా, కంప్యూటర్ మీద భారం ఎందుకని రన్‌వే దీపాలు కూడా నేనే ఆపేశాను. ఎత్తు చూపించే అంకెలు మాత్రం గబగబా తగ్గిపోతున్నాయి. ఇటు ఫోన్‌లో తోడల్లుడి వెనక కిటికీలోంచి అసలు ఫ్లోరిడా ఎండ, మా కళ్ళలో పొడిచేంత.

“మనకి మధ్యాహ్నమైతే వాళ్ళకి తెల్లవారుజాము కదా బాబూ,” అన్నారు అత్తయ్య, చిక్కుడుకాయ మీంచి తల ఎత్తకుండా. “ఆ టైంలో పెద్దది ఫోన్ ఎత్తదు.”

ఎత్తు సున్నా అయింది. కింద ఉన్నది రన్‌వే కాదని చప్పుడే చెప్పింది.

“చీకట్లో దిగడం కొత్తేం కాదు,” అన్నాను. “అట్లాంటిస్ షటిల్ ఆఖరిసారి, 2011 జులై 21న, తెల్లారకముందే దిగింది.”

“దిగింది తమ్ముడూ,” అన్నారు తోడల్లుడు, కాఫీ తాగుతూ. “రన్‌వే మీద.”