బస్తాకు వంద, ఏడాదికి ఆరు వేలు

ఖాతాలో డబ్బు వేస్తే పెట్టెలో ఓటు పడుతుందన్న లెక్క గోదావరి డెల్టాలో రెండుసార్లు తప్పింది. 2019 ఎన్నికల ముంగిట పింఛను వెయ్యి నుంచి 2,000 అయింది. పసుపు-కుంకుమ కింద డ్వాక్రా మహిళలకు 2,500, 3,500, 4,000 చొప్పున మూడు చెక్కులు అందాయి. తెలుగుదేశానికి అసెంబ్లీలో మిగిలినవి 23 సీట్లు. అయిదేళ్లు బటన్ నొక్కి ఖాతాల్లో సొమ్ము వేసిన వైకాపా 2024లో 11 దగ్గర ఆగింది. అదే రోజు, అదే బూత్‌లో లోక్‌సభకూ ఓటు పడింది. అమలాపురం, రాజమహేంద్రవరం, నరసాపురం మూడూ తెలుగుదేశం, జనసేన, భాజపా కూటమికే దక్కాయి.

అలాగని సంక్షేమానికి ఓటు లేదనుకుంటే పొరపాటే. 2024లో గెలిచినవారి హామీల్లోనూ 4,000 పింఛను ముందు వరుసలో ఉంది. చేతికొచ్చే సొమ్ముకు జనం త్వరగానే అలవాటు పడతారు. అది ఆగినా, చేతులు మారినా మాత్రం వెంటనే పట్టించుకుంటారు. ఆ ఏడాది ఇంటికొచ్చి పింఛను ఇచ్చే వాలంటీర్లను పక్కన పెట్టాక ఏప్రిల్ పింఛనుకు ముసలివాళ్లు ఎండలో సచివాలయాలకు నడిచారు. మేలో చాలామందికి బ్యాంకులో వేస్తే, ఆధార్‌కు ముడిపడిన ఖాతా ఏదో తెలియక పాసుపుస్తకాలు పట్టుకుని తిరిగినవాళ్లున్నారు.

అసలు చిక్కు పొలంలో ఉంది. రైతులకు కేంద్రం నగదు ఇచ్చే పీఎం కిసాన్ మొదలైంది 2019 ఫిబ్రవరి 24న, ఎన్నికల షెడ్యూలుకు రెండు వారాల ముందు. ఏడాదికి 6,000, మూడు విడతలు, అదీ భూమి ఎవరి పేరున ఉంటే వారికే. పట్టాదారు హైదరాబాద్‌లో ఉన్నా పడతాయి, బురదలో దిగిన కౌలుదారుకు పడవు. 2023-24లో సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,183, అంటే 75 కిలోల బస్తాకు 1,637. తేమ 17 శాతం దాటిందని బస్తాకు వంద కోశారనుకోండి. ఎకరాకు 30 బస్తాల చొప్పున రెండెకరాలకు 60 బస్తాలు. సరిగ్గా ఆరు వేలు! అది కౌలుదారు జేబులోంచే పోతుంది. కోనసీమ 2011లోనూ, 2022లోనూ పంట విరామం (సాగు మానేయడం) ప్రకటించింది ఇలాంటి లెక్కలు చూసుకునే.

కౌలుదారుకు రాష్ట్ర 2019 చట్టం ఇచ్చే పదకొండు నెలల సాగు హక్కు పత్రానికి యజమాని సంతకం కావాలి. భూమి చేజారుతుందన్న భయం ఒకటి, పంట రుణం తన పేరున ఉండటం మరొకటి. అందుకే ఆయన పెట్టడు. కౌలుదారుకు బ్యాంకు అప్పు కోసం ఇచ్చిన 2011 నాటి రుణ అర్హత కార్డుకు ఆ సంతకం అక్కర్లేకపోయింది. ఆ పద్ధతినే సార్వా ఊడ్పులకు ముందు తిరిగి తేవాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాం.