కార్డుల గుత్తా, పిన్ను కొట్టిన పుస్తకమా?

ఫోటోగ్రఫీ మొదటి ఏడాది పిల్లల కోసం తెలుగులో చిన్న కెమెరా గైడు వేయాలి. విషయం మేడమ్ రాశారు. అచ్చు, బైండింగ్ బాబాయ్ పని. విజయవాడలో ఒక ప్రెస్సు, కటింగ్ మిషన్ పక్కన బల్ల. దాని మీద రెండు నమూనాలున్నాయి: ఆవిడ తెచ్చిన లామినేషన్ కార్డుల గుత్తి, ఆయన మడిచి మధ్యలో పిన్ను కొట్టిన సెంటర్ పిన్ పుస్తకం.

బాబాయ్: గైడు అన్నారు, తాళాల గుత్తి తెచ్చారేంటి మేడమ్?

మేడమ్: గైడే బాబాయ్. ఏ7 సైజు, 74 బై 105 మిల్లీమీటర్లు. మూలన కన్నం, దానికి రింగు. ఐడీ కార్డు తాడుకి తగిలించుకుంటారు. ఒక చేతిలో కెమెరా ఉంటుంది కదా, రెండో చేత్తో పుస్తకం తెరిచి పట్టుకోవడం కుదరదు. కార్డయితే బొటనవేలితో తిప్పుకోవచ్చు.

బాబాయ్: తాడెందుకు, జేబులో పెట్టుకుంటారు. పాకెట్ గైడు అన్నది మీరేగా.

మేడమ్: క్లాసులో సగం మంది అమ్మాయిలు. వాళ్ల డ్రెస్సులకి జేబులు కుట్టే టైలరు ఎవరైనా ఉంటే చెప్పండి.

(దీనికి బాబాయ్ దగ్గర జవాబు లేదు. ఉండదు కూడా.)

బాబాయ్: సరే, కెమెరా బ్యాగుకి ముందు జిప్పు ఉంటుందిగా, ఏ6 అందులో శుభ్రంగా పడుతుంది. 105 బై 148. ఏ7 వద్దనడానికి అసలు కారణం వేరే ఉంది. కాగితానికి వాటం ఉంటుంది, అంటే పీచు ఒకవైపే సాగి ఉంటుంది. ఇదిగో, ఈ ఏ4 నిలువుగా చింపుతున్నా చూడండి, తిన్నగా వచ్చింది. అడ్డంగా చింపితే ఎటో పోయింది. మామూలుగా దొరికే ఏ4కి వాటం నిలువునే ఉంటుంది. దాన్ని సగానికి కోసి ఏ6కి మడిస్తే మడత వాటం వెంట పడుతుంది, తెరిస్తే పేజీ పడుకుంటుంది. ఇంకో మడతేసి ఏ7 చేశామా, మడత వాటానికి అడ్డం. ఎంత నొక్కినా పేజీలు లేచి నిలబడతాయి.

మేడమ్: అది పుస్తకం బాధ. నా కార్డులకి మడతే లేదు.

బాబాయ్: వరసా లేదు. షటర్ కార్డు ఒకడు ఊడదీసి పక్కవాడికిస్తాడు, అది మళ్లీ రాదు.

మేడమ్: పోతే ఆ ఒక్కటీ ప్రింటు తీసిస్తాను. మీ సెంటర్ పిన్‌లో ఒక ఆకు చిరిగితే దాని జతాకు, అంటే అదే కాగితం రెండో సగం, కూడా ఊడి చేతికొస్తుంది. అప్పుడు రెండు పోయినట్టు.

బాబాయ్: ఒప్పుకుంటా. మరి అక్షరాల సంగతి? ఏ7లో ఇరికించడానికి 7 పాయింట్లు పెట్టారు. ఇంగ్లీషుకి సరిపోతుందేమో గానీ తెలుగుకి పైన గుడులు, కింద ఒత్తులు. ఈ లైనులో ‘సూక్ష్మ’ చూడండి, ‘మ’ ఒత్తు కింది లైను గుడికి తగులుతోంది. పైగా నల్ల పట్టీ మీద తెల్లక్షరాలు! ఇంకు పాకి సన్న గీతలు మూసుకుపోతాయి. 9 పాయింట్లు, లైనుకి లైనుకి 13 ఉంటే గానీ ఎండలో చదవలేరు.

మేడమ్: అలా చేస్తే సగం విషయం తీసేయాలి.

బాబాయ్: తీసేయండి. కెమెరా కొన్నప్పుడు వచ్చే పుస్తకంలో ఎలాగూ ఉంటుంది.

మేడమ్: ఎవరి కెమెరా పుస్తకం? లెన్సులో వెలుతురు దూరే రంధ్రం, అదే ఎపర్చర్, మనం పెట్టుకునే మోడ్ కెనన్ డయల్ మీద ఏవీ; వెలుతురు ఎంతసేపు పడాలో, అదే షటర్ వేగం, పెట్టుకునే మోడ్ టీవీ. అదే పని నికాన్‌లో ఏ, ఎస్. పక్కవాడి కెమెరా చేతికిస్తే పిల్లలు బిక్కమొహం వేస్తారు. ఆ పట్టిక మాత్రం తీసేది లేదు.

బాబాయ్: పట్టిక ఉంచండి. ఈ ఎపర్చర్ పాఠం మాటేంటి? అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుందని చెప్పడానికి పేజీన్నర రాశారు. నా దగ్గర తోలు పనివాళ్ల పంచ్‌లున్నాయి. అసలు రంధ్రాలే కొట్టేస్తే?

(మేడమ్ పెన్ను తీసుకుని ప్రూఫు వెనక లెక్క వేశారు. నాకైతే వాదన మొత్తంలో బరువున్న ఘట్టం ఇదే.)

మేడమ్: 50 మిల్లీమీటర్ల లెన్సు అనుకుందాం. ఆ 50ని ఎపర్చర్ అంకెతో, అదే ఎఫ్ అంకెతో, భాగించాలి. ఎఫ్ 2కి 25 మిల్లీమీటర్ల రంధ్రం. ఎఫ్ 4కి పన్నెండున్నర, ఎఫ్ 8కి ఆరు పైచిలుకు, ఎఫ్ 16కి మూడు. వేలు పెట్టి చూసుకోవచ్చు! వెడల్పు సగమైతే వెలుతురు నాలుగో వంతు అవుతుందని వేరే చెప్పక్కర్లేదు. దీన్ని కార్డు మీదే కొడదాం.

బాబాయ్: లామినేషన్ మీద కన్నం కొడితే అంచు తెరుచుకుంటుంది, చెమట లోపలికి దిగి పొర లేస్తుంది. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాములు) అట్ట మీద కొడతాను, పుస్తకం కవరుకి. మొదటి పేజీ నల్లగా వేస్తే రంధ్రాలు తేటగా కనబడతాయి.

మేడమ్: మళ్లీ పుస్తకం దగ్గరికే తెచ్చారు.

బాబాయ్: ఇంకోటి అడుగుతా. ఎండ బాగా ఉంటే ఎఫ్ 16, ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే మోతాదు) 100, షటర్ సెకనులో 1/125 వంతు అన్న సూత్రం పక్కన ‘మీ అంచనా’ అని గడి పెట్టారు. లామినేషన్ మీద పెన్సిల్ పడుతుందా?

మేడమ్: రాయకపోయినా నష్టం లేదు. ఎపర్చర్, షటర్, ఐఎస్ఓ అన్నీ ఫోటో ఫైల్లోనే ఉంటాయి.

బాబాయ్: ఫైల్లో ఉండేది వాళ్లు పెట్టిన సెట్టింగు. పెట్టక ముందు ఏమనుకున్నారో కెమెరాకేం తెలుసు? మ్యాప్లిథో, అంటే పూత లేని కాగితం, వేస్తాను, రాసుకుంటారు.

మేడమ్: మ్యాప్లిథో అయితే వెనక అట్ట మీద గ్రే ప్యాచ్, అంటే మీటర్ చేసేందుకు (వెలుతురు కొలిచేందుకు) పెట్టిన బూడిద రంగు గడి, కూడా సరిగ్గా రావాలి. మీ ఆపరేటర్ వేసింది చూశారా? 18 శాతం అన్నానని 18 శాతం నలుపు పెట్టాడు! అది తెల్ల కాగితానికి కాస్త ఇవతల. పడిన వెలుతురులో 18 శాతమే తిరిగి రావాలి, అంటే ఇంకా చాలా ముదురుగా ఉండాలి. దాన్ని చూసి మీటర్ చేసిన పిల్లల ఫోటోలన్నీ చీకటే.

బాబాయ్: అది మా తప్పే. అసలు గ్రే కార్డుతో పోల్చుకుంటూ వేస్తాం. నాలుగు రంగులూ కలపకుండా నలుపొక్కటే, మెరుపు లేకుండా. మరి పేజీలు? మీవి 29. ఏ4 ఒక్కోటి ఏ6లో 8 పేజీలు, 4 షీట్లకి 32. మూడు మిగులుతాయి. ప్రిన్సిపాల్ గారి సందేశం, ఫోటో వేద్దామా? అందరూ వేయిస్తారు.

మేడమ్: ఖాళీగా వదిలేయండి. పెన్సిలన్నారుగా, రాసుకుంటారు.

బాబాయ్: అయితే పుస్తకానికి ఒప్పుకున్నట్టేనా?

మేడమ్: ఏ6కి, 9 పాయింట్లకి ఒప్పుకున్నాను. పిన్నుకి కాదు. ఒంటి చేత్తో తిరగేయాలన్న నా మాట అలాగే ఉంది. వైరో, అదే తీగ చుట్ల బైండింగ్, వేయండి, పేజీ పూర్తిగా వెనక్కి మడుస్తారు.

బాబాయ్: వైరో బ్యాగులో నలిగితే తీగ విచ్చుకుంటుంది, పక్కనున్న స్క్రీన్ మీద గీతలు పడతాయి. ఒక పని చేద్దాం. పది పిన్ను కొట్టి, పది వైరో వేసిస్తాను. పిల్లలకిచ్చి చూడండి.

మేడమ్: కార్డులు కూడా పది. బిల్లు మాత్రం ఒక్కటే.

బాబాయ్: మూడు రకాల పనికి ఒక్క బిల్లేంటి మేడమ్? ఆ రింగులైనా మీరే తెచ్చుకోండి.