ఎలుకల పేరు చెప్పి షుగర్ పేషెంట్లను బెదిరించకండి

"షుగర్ ఉన్నోళ్లు తలకి సీటీ స్కాన్ తీయించుకుంటే మెదడులో కొత్త కణాలు పుట్టవట, ఎలుకల్లో రుజువైందట!" బీచ్ రోడ్డు వాకింగ్ గ్రూపుల్లో ఇలాంటి ఫార్వర్డ్ కనబడితే ఒళ్లు మండుతుంది. ఏటండీ ఇది? ఎంత డోసు ఇచ్చారో ఒక్కరైనా అడిగారా?

ఎలుక తలకి ఒకే దఫా 10 గ్రే (రేడియేషన్ డోసు కొలత; ఒక గ్రే అంటే వెయ్యి మిల్లీగ్రే) ఎక్స్‌రే ఇస్తే హిప్పోక్యాంపస్‌లో, అంటే మెదడులో జ్ఞాపకాలు చూసే భాగంలో, కొత్త నాడీకణాల పుట్టుక దాదాపు ఆగిపోతుందని 2002లోనే చూపించారు. మైక్రోగ్లియా అనే మెదడు రక్షణ కణాల వల్ల వచ్చే వాపు ఇందులో పెద్ద కారణం. ఇండోమెథసిన్ అనే వాపు మందు ఇచ్చి ఆ వాపు తగ్గిస్తే పుట్టుక కొంత తిరిగొచ్చిందని 2003లో తేలింది. మరి తలకి సీటీ తీస్తే మెదడుకి అందేది సుమారు 50 మిల్లీగ్రే, అంటే ఆ 10 గ్రేలో 200వ వంతు. ఎమ్మారైలో అయితే ఆ రకం రేడియేషనే ఉండదు. దానికీ భయపడేవాళ్లున్నారు.

ఇంకో సంగతి. రేడియేషన్ తగలకముందే షుగర్ ఎలుకలో ఈ కణాలు తక్కువ. కార్టికోస్టిరాన్ అనే ఒత్తిడి హార్మోన్ పెరగడమే కారణమనీ, దాన్ని మామూలు స్థాయికి దింపితే కణాల పుట్టుక కోలుకుంటుందనీ 2008లో చూపించారు. కాబట్టి షుగర్, రేడియేషన్ కలిపి చూసే ప్రయోగంలో నాలుగు గుంపుల ఎలుకలూ ఉండాల్సిందే: షుగర్ ఉన్నవీ లేనివీ, మళ్లీ వాటిలో రేడియేషన్ ఇచ్చినవీ ఇవ్వనివీ. ఇవ్వని గుంపుకి కూడా అదే మత్తు, అంతే సేపు ఇవ్వాలి. జైలజీన్ అనే మత్తుమందు ఒక్కటే చాలు, రక్తంలో చక్కెర పెంచేస్తుంది. ఆ గుంపు లేని థీసిస్‌లో తగ్గుదల షుగర్‌దో, మత్తుదో, రేడియేషన్‌దో ఎవడు తేలుస్తాడు?

చేతిపని తప్పులు ఇంకా ఎక్కువ. ఎలుకలకి షుగర్ తెప్పించడానికి ఎక్కించే మందు స్ట్రెప్టోజోటోసిన్‌కి తేమ పడదు. మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లోంచి తీసిన సీసాని మన విశాఖ ఉక్కలో వెంటనే తెరిస్తే లోపల నీరు పట్టి మందు పాడవుతుంది. సీసా గది వేడికి వచ్చాకే మూత తీయాలి. పీహెచ్ 4.5 ఉన్న చల్లటి సిట్రేట్ బఫర్‌లో కలిపి, కిలోకి 50–65 మిల్లీగ్రాముల చొప్పున నిమిషాల్లో ఎక్కించెయ్యాలి. ఆ మందుకి చచ్చే బీటా కణాలు (ఇన్సులిన్ తయారుచేసేవి) ఇన్సులిన్ ఒక్కసారిగా వదిలేస్తాయి కనుక ఆ రాత్రి చక్కెర నీళ్లు పెట్టకపోతే ఎలుకలు తెల్లారేసరికి పోవచ్చు. 72 గంటల తర్వాత రక్తంలో చక్కెర 250 దాటినవే లెక్కలోకి. షుగర్ ఎలుక పడక రోజూ తడిసిపోతుంది. మార్చకపోతే అమోనియా, ఒత్తిడి, మళ్లీ అదే కార్టికోస్టిరాన్.

కొత్త కణాల లెక్కకి, విభజన అయ్యే కణాల డీఎన్ఏలో చేరి గుర్తుగా నిలిచే బ్రోమోడీఆక్సీయూరిడిన్ ఒక్కటే నమ్ముకోవడం ఇంకో తప్పు. రేడియేషన్ తర్వాత డీఎన్ఏ మరమ్మతులోనూ అది కొంత చేరగలదు. విభజన అవుతున్న కణాల్లో కనబడే కేఐ-67, లేత నాడీకణాల్లో కనబడే డబుల్‌కార్టిన్ అనే ప్రోటీన్లు కూడా చూడాలి.

ఇక అగనంపూడి క్యాన్సర్ ఆసుపత్రిలోనో మరెక్కడో మెదడంతటికీ 10 సిట్టింగుల్లో 30 గ్రే రేడియేషన్ చికిత్స తీసుకునే షుగర్ పేషెంటుకి ఈ ఎలుకల సంగతి నిజంగా పనికొస్తుంది. హిప్పోక్యాంపస్‌లో ఎక్కడా 16 గ్రే మించకుండా తప్పించే పద్ధతి ఉంది. దానికి ఆనుకుని గడ్డ లేకపోతే డాక్టరుని అడగొచ్చు. మెదడు వాపుకిచ్చే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మందు షుగర్‌ని పెంచుతుంది. పొద్దున వేసుకుంటే ఆ పెరుగుదల మధ్యాహ్నం నుంచే బయటపడుతుంది. పరగడుపు రీడింగ్ చూసి బాగుందనుకోకుండా, భోజనం అయ్యాక ఒకసారి, సాయంత్రం ఒకసారి వేలు గుచ్చి చూడండి.