నెలసరి తేదీ అడిగి ఉంటే

2021 ఏప్రిల్‌లో, 18 ఏళ్లు దాటిన వారందరికీ కొవిడ్ టీకా మొదలయ్యే ముందు, వాట్సాప్‌లో ఒక మెసేజ్ దేశమంతా తిరిగింది. నెలసరికి ఐదు రోజుల ముందు, ఐదు రోజుల తర్వాత టీకా వేయించుకోవద్దని దాని సారాంశం. అది అబద్ధమని కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగం పీఐబీ వెంటనే ఖండించింది. మంచి పనే. కానీ టీకా తర్వాత పీరియడ్ ఎందుకు ఆలస్యమైందని అడిగిన ఆడవాళ్లకు అందులో జవాబు దొరకలేదు. టీకా పరీక్షల్లో జ్వరం, ఒళ్లునొప్పులు రాసుకున్నారు గానీ తర్వాతి నెలసరి ఎలా వచ్చిందని మాత్రం అడగలేదు.

అమెరికాలో గైనకాలజిస్ట్ అలిసన్ ఎడెల్మన్ బృందం 2022 జనవరిలో ఆ లోటు కొంత తీర్చింది. పీరియడ్స్ యాప్‌లో తేదీలు నమోదు చేసుకునే 3,959 మంది వివరాలను పరిశీలించింది. ఎవరో ఆ తర్వాత గుర్తు తెచ్చుకుని చెప్పిన తేదీలు కావవి, ఏ నెలకానెల నమోదైనవి. టీకా వేయించుకోని వాళ్ల తేదీలతోనూ పోల్చి చూశారు. ఈ పోలికే కీలకం. ఎందుకంటే ఏ టీకా లేకపోయినా నెలసరి రెండు మూడు రోజులు అటూ ఇటూ అవుతూనే ఉంటుంది. డోసు పడిన నెలలో నెలసరి చక్రం, అంటే ఒక నెలసరి మొదలు నుంచి తర్వాతి నెలసరి మొదలు దాకా ఉండే వ్యవధి, సగటున ఒక రోజు లోపే పెరిగిందని తేలింది. రెండు డోసులూ ఒకే చక్రంలో పడినవాళ్లలో సుమారు రెండు రోజులు పెరిగినా, ఆ తర్వాత మామూలైంది. మన దగ్గర 2021 మేలో కోవిషీల్డ్ డోసుల మధ్య 12 నుంచి 16 వారాల ఎడం పెట్టాక, ఆ టీకాతో ఆ ఇబ్బందికి దాదాపు తావు లేకుండా పోయింది.

అయితే ఎన్ని రోజులన్నది ఒక లెక్క, ఎంత రక్తం పోయిందన్నది ఇంకో లెక్క. అధిక రక్తస్రావాన్ని ఫైజర్, మోడెర్నా టీకాల దుష్ప్రభావాల జాబితాలో చేర్చాలని యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2022 అక్టోబరులో సిఫారసు చేసింది. చాలావరకు అది తాత్కాలికమే, ప్రమాదకరమూ కాదు. కానీ ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ 15–49 ఏళ్ల మహిళల్లో సగం మందికి పైగా రక్తహీనత ఉంది. వాళ్లకు ఒక్క నెల ఎక్కువ రక్తం పోయినా ఆ నీరసం కూలి పని మీద పడుతుంది. పైగా ఎడెల్మన్ అధ్యయనంలో నెలసరి సక్రమంగా వచ్చేవాళ్లనే తీసుకున్నారు. అండాశయాల సమస్య పీసీఓడీ ఉండి నెలసరి సక్రమంగా రానివాళ్ల సంగతి అందులో తెలియదు.

గర్భిణి పేరు నమోదు చేసేటప్పుడు ఏఎన్‌ఎం మొదట అడిగేది చివరి నెలసరి తేదీనే. తల్లీబిడ్డల కార్డులో దానికో గడి ఉంటుంది. కొత్త టీకాను పరీక్షించేటప్పుడు, దాన్ని వేయించుకునే వాలంటీర్లు తమ లక్షణాలు రాసుకునే డైరీలోనూ అలాంటి గడే పెట్టాలి. దాని పక్కన రక్తస్రావం ఎన్నాళ్లు, ఎంత అన్న రెండు ప్రశ్నలు చేర్చాలి. ప్రపంచానికి టీకాలు అందిస్తున్న హైదరాబాద్ కంపెనీలు ఈ పనికి ముందుకు రావాలి. వాళ్లను అలా అడగాల్సిన బాధ్యత పరీక్షలకు అనుమతులిచ్చే ఔషధ నియంత్రణ విభాగానిది.