బ్లూ కింగ్ మీద నా నల్లపూసలు

మా ఆయనది తెనాలి. చిన్నప్పుడు ఆయనకున్న వాహనమల్లా ఓ పాత సైకిల్ టైరు, దాన్ని కొట్టుకుంటూ పోవడానికి ఓ పుల్ల. అలాంటి మనిషికి 1965 నాటి అమెరికా మీద బెంగ పట్టుకుంది. తను పుట్టకముందు, తను లేని దేశంలో, తను చూడని స్లాట్ కార్ల ఆటస్థలాలు మూతపడిపోయాయని బెంగ. ఆఫీసులో పక్క సీటు పెద్దాయన అంటించాడు. ఆయన హాయిగా రిటైరై ఫ్లోరిడా వెళ్ళి చేపలు పట్టుకుంటున్నాడు. బెంగ మాత్రం మా ఇంట్లో దిగబడిపోయింది.

స్లాట్ కార్లంటే తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. పెద్ద చెక్క బల్ల, దాని మీద మెలికలు తిరిగిన గాళ్ళు. గాడికి అటూ ఇటూ రాగి తీగలతో అల్లిన పట్టీలు, ఆ పట్టీల్లో కరెంటు. కారు కింద చిన్న నాలుక ఉంటుంది, అది గాడిలో దిగుతుంది. మన చేతిలో పిస్తోలు ఆకారంలో కంట్రోలర్. నొక్కితే పోతుంది, వదిలితే ఆగుతుంది, మలుపులో ఎక్కువ నొక్కితే ఎగిరి అవతల పడుతుంది. స్టీరింగ్ లేదు. ఇంతే ఆట.

ఒహాయోలో మేముండే ఊరికి గంటన్నర దూరంలో ఇంకా బతికున్న రేస్‌వే, అంటే అద్దె కట్టి ఈ ఆట ఆడుకునే చోటు, ఒకటుందని తెలిసింది. శనివారం పొద్దున్నే బయలుదేరదీశారు. ఆ గంటన్నరా కార్లో పాఠమే. 1957లో ఇంగ్లండులో ఫ్రెడ్ ఫ్రాన్సిస్ అనే ఆయన స్కేలెక్స్‌ట్రిక్ పేరుతో ఇంట్లో పరుచుకునే సెట్టు తెచ్చాడట. అమెరికావాళ్ళకి ఇంట్లో పరుచుకుంటే సరిపోతుందా? 60ల మధ్యలో ఊరూరా రేస్‌వేలు తెరిచేశారు. గంటకింత, అరగంటకింత అని అద్దె కట్టి ఆడటమే. అమెరికన్ మోడల్ రేస్‌వేస్ అనే కంపెనీ పెద్ద పెద్ద ట్రాకులు చేసి అమ్మింది. వాటిని రంగులతో పిలిచేవారు. బ్లూ కింగ్ చుట్టు 155 అడుగులు, ఎనిమిది లేన్లు. పర్పుల్ మైల్ 220 అడుగులు.

"220 అడుగుల దానికి మైలని పేరేంటండీ, కొలిచినవాడికి మతి పోయిందా?" అన్నాను.

ఆ ప్రశ్న కోసమే కాచుక్కూర్చున్నట్టున్నారు. "కార్లు అసలు సైజులో 24వ వంతు. 220ని 24తో హెచ్చవేసి చూడు."

ఫోన్లో వేశాను. 5,280. సరిగ్గా మైలుకి ఎన్ని అడుగులో అన్నీ. ఒప్పుకోవాలి, ఆ లెక్క నాకు నచ్చింది. ఆ రోజు మొత్తానికి నాకు నచ్చినది అదొక్కటే.

తర్వాత పాఠంలోకి పాటగాడు ఎల్విస్ ప్రెస్లీ వచ్చాడు. అంతటివాడు గ్రేస్‌లాండ్ అనే తన ఇంట్లో స్లాట్ కార్ల కోసం ఏకంగా ఒక గది కట్టించుకున్నాడట. ఆ మాట అంటూ నా వైపు ఓ చూపు చూశారు. ఆ గదే తర్వాత ట్రోఫీల గది అయిందని కూడా ఆయనే చెప్పారు కాబట్టి, మన బేస్‌మెంటులో ఇప్పటికే వాషింగ్ మెషీన్ ఉందని నేను గుర్తుచేశాను. తర్వాత న్యూయార్క్‌ బ్రూక్లిన్‌లో 1965 నుంచి నడిచిన బజ్-ఎ-రామా అనే రేస్‌వే. దాని యజమాని ఫ్రాంక్ పెర్రీ, అందరికీ 'బజ్', 2021లో పోయాడు, దాంతో ఆ చోటూ పోయింది. ఇది చెప్పేటప్పుడు మా ఆయన గొంతు జీరబోయింది. మా బాబాయి పోయినప్పుడు ఈ జీర నేను వినలేదు.

వెళ్ళాం. కొత్తవాళ్ళ రేసుకి మనుషులు తక్కువయ్యారు. నా పేరు ఎవరు రాయించారో మీరే ఊహించుకోండి. అద్దె కారు, అద్దె కంట్రోలర్ చేతిలో పెట్టి నల్ల లేన్ దగ్గర నిలబెట్టారు. ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ, నారింజ, నీలం, పసుపు, ఊదా, నలుపు, ఇదీ వరస. అంటే నాది చిట్టచివరిది. ఆ అంచు లేన్లని వీళ్ళు గట్టర్ అంటారని తర్వాత తెలిసింది. స్ట్రెయిట్, అంటే తిన్నటి దారి, దాని చివర గోడలా పైకి లేచిన మలుపు పేరు బ్యాంకు. అది దాటాక ఒక మూలకి డెడ్‌మ్యాన్ అని పేరు. పేరు పెట్టినవాడు నిజాయతీపరుడు. ఆరితేరినవాళ్ళ రెక్కల కార్లు ఆ 155 అడుగులూ రెండు సెకన్లలోపే చుట్టేస్తాయి, మధ్యలో కంటికి కనపడవు కూడా. నా కారు అందరికీ బాగా కనపడింది. నా కంట్రోలర్ వేడెక్కి వాసన వచ్చింది. సరే, అయిపోయింది, కూర్చుంటానన్నాను.

కూర్చోనివ్వరు. అక్కడి రాజ్యాంగం ప్రకారం నీ వంతు అయిపోతే నువ్వు మార్షల్ చెయ్యాలి. అంటే ఒక మలుపు దగ్గర కాపలా నిలబడి, పడిపోయిన కార్లని తీసి మళ్ళీ వాటి గాడిలో పెట్టాలి. డబ్బు కట్టినవాడే పనివాడు కూడా! పోనీ ఎక్కడ నిలబడాలో ఎంచుకుందామంటే అదీ లేదు. నాకు డోనట్ ఇచ్చారు. దాదాపు పూర్తిగా గుండ్రంగా తిరిగే మలుపు అది. "అక్కడ స్పీడు తక్కువ, నీకు ఈజీ" అన్నారు మా ఆయన, ఎర్ర లేన్ దగ్గర రెండు కాళ్ళూ ఎడంగా పెట్టి, ఇండీ 500 కార్ల రేసుకి బయలుదేరుతున్న ముఖంతో.

ఇక్కడ ఆ గోడ మీది బోర్డు గురించి చెప్పాలి. ట్రాక్ మీద మోచేతులు ఆనించకండి. కూల్‌డ్రింకులు పెట్టకండి. పిల్లల్ని ట్రాక్ ఎక్కించకండి. మీ కారుకేమైనా మాకు సంబంధం లేదు. దాని కింద ఇంకో చిన్న అట్టముక్క: ఉమ్మితో టైర్లు తుడవకండి. అంటే ఎవరో తుడిచారన్నమాట, అది చూసి యజమాని అట్టముక్క కోసి, అక్షరాలు దిద్ది, మేకు కొట్టాడన్నమాట. ఇన్ని ఆలోచించిన మనిషికి మెడలో గొలుసున్న ఆడది ఆ బల్ల మీదికి వంగితే ఏమవుతుందో తోచలేదు. ఇన్నేళ్ళుగా వంగినవాళ్ళంతా మగవాళ్ళే అయ్యుంటారు.

పన్నెండేళ్ళ కుర్రాడొకడు నీలం లేన్‌లో నడుపుతున్నాడు. వాడి కారు డోనట్‌లో గాడి తప్పి నాకు అవతలి వైపు దొర్లింది. బల్ల వెడల్పు మూడడుగుల పైచిలుకు. మోచెయ్యి ఆనించకూడదు, కాబట్టి గాల్లో వంగాలి. వంగాను. నల్లపూసలు నాకన్నా ముందు వంగాయి.

ఆ ట్రాకులో ఉండేది పన్నెండు, పధ్నాలుగు వోల్టులు. మనిషికి షాకు కొట్టదు. కానీ ఎనిమిది మోటార్లని ఒకేసారి పరిగెత్తించే సరఫరా అది, మామూలుది కాదు. నా గొలుసు వెళ్ళి గాడికి అటున్న పట్టీ మీదా ఇటున్న పట్టీ మీదా ఒకేసారి పడుకుంది. బంగారం మంచి విద్యుద్వాహకమని స్కూల్లో చదివాను, ప్రాక్టికల్ ఇప్పుడైంది. చిటుక్కుమని నిప్పురవ్వ, సన్నటి కాలిన వాసన. తీగ ఒకచోట కరిగి తెగింది. నేను ఉలిక్కిపడి లేచాను. పూసలు లేవలేదు. తీగ మీంచి జారి, ఒకదాని వెనక ఒకటి, టకటకమంటూ బ్లూ కింగ్ మీదికి దిగాయి.

"ట్రాక్!" అని ఎవరో అరిచారు. అలా అరిస్తే కరెంటు తీసేస్తారు. ఎనిమిది కార్లూ ఎక్కడివక్కడ ఆగాయి. హాలంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో పూసలు దొర్లుతున్న చప్పుడు.

"ఏవండీ..." అన్నాను.

మా ఆయన తల తిప్పలేదు. కళ్ళు తన కారు మీదే ఉన్నాయి. "క్లాక్ ఆపారా?" అన్నారు.

కంప్యూటర్ దగ్గరున్నతను ఆపానన్నాడు. "అమ్మయ్య" అన్నారు.

ఇప్పుడు కొలతలు వినండి. ఆ గాడి వెడల్పు అంగుళంలో ఎనిమిదో వంతు, అంటే మూడు మిల్లీమీటర్ల చిల్లర. మా అత్తగారు తెనాలిలో దగ్గరుండి, "సన్నవి వెయ్యి, సన్నవే అందం" అని కంసాలి ప్రాణం తీసి గుచ్చించిన నల్లపూస రెండు మిల్లీమీటర్లు. ఆ రెండు పరిశ్రమలూ ఒకదాని సంగతి ఒకటి తెలియకుండా ఒకదానికొకటి ఎంత చక్కగా సరిపోయాయో! పూసలు గాళ్ళలోకి దిగి కూర్చున్నాయి. వేలు పట్టదు. ట్రాక్ మీద కార్లకి పట్టు ఉండాలని జిగురు పూస్తారు, పైన మిగిలిన పూసలు దానికి అంటుకున్నాయి.

రిటైరైన తాతగార్లు ఫోన్లలో టార్చిలు వేసుకుని బల్ల చుట్టూ మూగారు. ఒకాయన పాత మోటారులోంచి అయస్కాంతం ఊడదీసి తెచ్చాడు. అవి గాజువండీ, అంటుకోవు అన్నాను. నమ్మలేదు, అయస్కాంతంతో మొత్తం డోనట్ తిప్పి చూశాడు. ఇంకొకాయన వాక్యూమ్ క్లీనర్ తెచ్చాడు. ఆగండాగండి అని అడ్డం పడ్డాను. నా మాంగల్యానికి తోడుండేవి, దుమ్ము సంచిలోకి పోవడమేమిటి? ఇది ఇంగ్లీషులో చెప్పేసరికి "లక్కీ బీడ్స్" అయింది. అందరూ సానుభూతిగా తలలూపారు. వాళ్ళలో ఒకాయన తన లక్కీ టోపీ చూపించాడు.

అప్పుడు మా ఆయనకి ఐడియా వచ్చింది. "కారుని మెల్లిగా నడిపితే, కింద నాలుక పూసల్ని ముందుకి తోసుకుపోతుంది కదా!" పెళ్ళయ్యాక ఆయన ముఖంలో అంత వెలుగు నేను చూడలేదు. ఒక్కో లేన్‌కే కరెంటు ఇచ్చారు. పాకే కారేదని వెతికితే, నేను నడిపిన అద్దె కారే దొరికింది. నీలం లేన్‌లో పెట్టారు. మా ఆయన కంట్రోలర్‌ని ఊపిరి బిగబట్టి, పాలు పొంగకుండా స్టవ్ తగ్గించేంత జాగ్రత్తగా నొక్కారు. కారు పాకింది. దాని ముందు నా నల్లపూసలు గాడిలో వరసగా కదిలాయి. మధ్యలో ఇరుక్కుంటే నా గాజుకున్న పిన్నీసు తీసిచ్చాను. ఒక తాతగారు దాన్ని సర్జన్‌లా అందుకుని పొడిచి లేపాడు. ఆ హాల్లో అన్ని పనిముట్లున్నాయి, స్క్రూడ్రైవర్లలోనే నాలుగైదు రకాలు, పనికొచ్చింది మాత్రం పిన్నీసే. స్ట్రెయిట్ మీదికి వచ్చేసరికి కొందరు చప్పట్లు కొట్టారు. ఆ పూసలు డెడ్‌మ్యాన్ క్షేమంగా దాటాయి. నేను దాటలేదు.

స్టార్టింగ్ లైన్ దాటగానే కంప్యూటర్ 'బీప్' అంది. నీలం లేన్‌కి ఒక లాప్, అంటే ఒక చుట్టు, కలిసింది.

ఇక చూడండి. నీలం లేన్ కుర్రాడి తండ్రి, ఆ లాప్ మావాడిదే, కంప్యూటర్ లెక్క కంప్యూటర్ లెక్కే అన్నాడు. క్లాక్ ఆగి ఉండగా నడిచిన కారుకి లాపేమిటని ఇంకొకడు. ఆ కారు ఈ కుర్రాడిది కూడా కాదు కదా అని మూడోవాడు. రూల్ బుక్ వచ్చింది. కళ్ళజోడు వచ్చింది. యజమాని, 60ల్లో ఇలాంటిదే ఒకటి జరిగిందని మొదలుపెట్టాడు. ఆ మాట వినగానే మా ఆయన కుర్చీ లాక్కుని ముందు వరసలో కూర్చున్నారు. మిగతా రెండు లేన్లలో నా పూసలు అలాగే ఉన్నాయి. వాటి సంగతేమిటని అడిగితే, "ఒక్క నిమిషం, హిస్టరీ చెబుతున్నారు" అన్నారు.

మొత్తానికి ఆ లాప్ తీసేశారు. కుర్రాడు ఏడ్చాడు. మిగతా పూసలు కూడా బయటికొచ్చాయి, అన్నీ అని చెప్పలేను. మోటారు అమ్మే చిన్న ప్లాస్టిక్ సంచిలో వేసి, పైన స్టేప్లర్ కొట్టి ఇచ్చారు. సంచి మీద ఇంకా ధర అంటించే ఉంది. రేసు మళ్ళీ మొదలైంది. నన్ను మళ్ళీ డోనట్ దగ్గరే నిలబెట్టారు, ఈసారి మెడకి మా ఆయన మఫ్లర్ చుట్టి. యజమాని అట్టముక్క ఒకటి కోసి మార్కర్ పట్టుకోవడం అక్కణ్ణుంచే చూశాను.

రాత్రి మా అత్తగారు వీడియో కాల్ చేస్తారు. శనివారం తప్పదు. ఏం చెప్పాలని మా ఆయన్ని అడిగితే, "కెమెరా కాస్త పైకి పెట్టుకో" అన్నారు.

వచ్చేటప్పుడు బిల్లు చూశాను. ట్రాక్ ఫీజు, కారు అద్దె, కంట్రోలర్ అద్దె, వేడెక్కిన కంట్రోలర్‌కి రిపేరు, చివర 'ట్రాక్ క్లీనింగ్'. మార్షల్ పనికి మాత్రం రూపాయి ఇవ్వలేదు. మా ఆయన మారు మాట్లాడకుండా కట్టేసి, పైన టిప్పు కూడా పెట్టారు. ఇదెందుకండీ అన్నాను.

"పాపం, ఇలాంటి చోట్లన్నీ మూతపడిపోతున్నాయి కదే" అన్నారు.